పాడుపెట్టిన ఇల్లు

వనపర్తి పాత బజారు వెనక సందులో భాగ్యమ్మ అమ్మే జొన్నరొట్టెలు తెలియనివాళ్లు తక్కువ. రెండు గదుల కిరాయి ఇల్లు. ముందు గదిలో పొయ్యి, వెనక గదిలో కాపురం. ఆమెకు ప్రతిదానికీ ‘ఎందుకు’ అని అడిగే గుణం ఉండేది. ఆటో నడిపే భర్త వెంకటన్న నవ్వేవాడు: “నీకు పిండి పిసికినట్టు మాటను గూడ పిసకాలె.”

ఆ వెంకటన్న ఒక తెల్లవారుజామున ఛాతీ పట్టుకుని మంచంలోనే పోయాడు. నక్షత్రం మంచిది కాదన్నాడు పంతులు. ఇంటి యజమానురాలు జానకమ్మ అదే సందు చివర కొడుకు జితేందర్‌తో ఉంటుంది. ఆ మాట చెవిన పడగానే పరుగున వచ్చింది.

“ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలె బిడ్డా. లేకుంటే ఇంకొకరిని తీస్కపోతడట.”

“ఎవరు పెద్దమ్మా? ఆయననా?”

“గవన్నీ నాకు తెల్వదు. పోయినోడు అన్ని దినాలు ఇంట్లనే తిరుగుతడు. దీపం గూడ పెట్టొద్దు.”

చావు జరిగిన ఇంటి సామాన్లు మరో ఇంట్లోకి తీసుకుపోకూడదన్నారు. ఎక్కడివక్కడే వదిలి, తలుపుకు తాళం వేసి, భాగ్యమ్మ పెద్దమందడిలోని చెల్లెలి ఇంటికి పోయింది. కిరాయి మాత్రం ఆపలేదు. జానకమ్మ దగ్గరుండి గడపకు అడ్డంగా రేగుకంప వేయించింది.

నాలుగో నెలలో తెలిసినావిడ ఫోన్ చేసి, తలుపుకు ఇంకో తాళం పడిందని చెప్పింది. భాగ్యమ్మ బస్సెక్కి వచ్చింది. జితేందర్ ఆ గదులు ఒక మొబైల్ షాపుకు కిరాయికిస్తానని మాట్లాడుకున్నాడు.

“పాడుపెట్టి పోయినవ్ గద! ఇంకేంది నీకు ఇంట్ల?”

“మల్ల వస్తనని పోయిన.”

“కంప ఏసిపోయినోళ్లు మల్ల వస్తరా? సామాన్లు తీస్కపో, ఎవరొద్దన్నరు?”

ఆమె కోర్టుకెక్కింది. ఇల్లు పోతే పొయ్యి పోతుంది, పొయ్యి పోతే బతుకు పోతుంది. వకీలు సుహాసిని కాగితాలు రాస్తూ ‘స్వాధీనం’ అన్న మాట పదే పదే అంటుంటే భాగ్యమ్మ ఆపింది.

“ఇంట్ల లేనిదాన్ని. నా స్వాధీనంల ఉన్నట్లెట్ల మేడం?”

“నువ్వు జాతరకు పోతే ఇల్లు వేరేవాళ్లదైతదా? ఇడిచిపెట్టి పోయినవా, తిరిగొస్తనని పోయినవా, గదే జడ్జి చూసేది.”

తిరుగు బస్సులో ఆమె దాని గురించే ఆలోచించింది. మనిషి కనబడకపోయినా ఇంట్లో ఉన్నట్టే లెక్కట. ఊళ్లోవాళ్లు వెంకటన్న గురించి చెప్పేదీ అదే కదా!

ఇంటి స్థితి చూసి రమ్మని కోర్టు క్రాంతి కుమార్ అనే వకీలును కమిషనర్‌గా పంపింది. కంప పక్కకు జరిపి, రెండు తాళాలూ తీయించి లోపలికి పోయాడు. పొయ్యి, రొట్టెల పెంక, పిండి డబ్బా, మేకుకు వెంకటన్న ఖాకీ చొక్కా అన్నీ రాసుకున్నాడు. భాగ్యమ్మ గడప దాటకుండా మెడ సాచి చూస్తూ నిలబడింది.

“సార్, గీ కంప సూడుండ్రి,” అన్నాడు జితేందర్. “ఇల్లు ఇడిచిపెట్టిందనడానికి ఇంకేం గావాలె?”

“ఎవరు వేశారు?” అని కమిషనర్ గుమిగూడినవాళ్లను అడిగాడు.

“నేనే ఏపిచ్చిన సారూ,” అంది జానకమ్మ ముందుకొచ్చి. “ఆరు నెలలైనంక రమ్మని నేనే తోలిచ్చిన.”

“అమ్మా, నువ్వు జర ఊకో!”

“ఎందుకు ఊకోవాలెరా? నీ తాళమేసే ముందు, భాగ్య నాకిచ్చిపోయిన తాళంచెవితో లోపలికి గిట్ల పోయినవా?”

జితేందర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

“పోయినవ్! ఓ దేవుడా, పాడింట్ల కాలు పెట్టిండు! పా, ముందుగల్ల నెత్తిమీద నీళ్లు పోసుకుందువు పా!”

కొడుకు రెక్క పట్టుకుని లాక్కుపోతుంటే సందంతా నవ్వింది. కమిషనర్ తలవంచుకుని రాసుకున్నాడు.

జితేందర్ తన తాళం తీసేయాలనీ, కేసు తేలేదాకా భాగ్యమ్మ జోలికి పోవద్దనీ కోర్టు ఆర్డరిచ్చింది.

“ఇయ్యాల్నే పోయి ఉండు,” అంది సుహాసిని. “ఖాళీగా పెడితే ఇంకో మాట పుట్టిస్తడు.”

ఆరు నెలలు నిండడానికి ఇంకా దినాలున్నాయి. భాగ్యమ్మ వచ్చేసరికి గడపకు కంప మళ్లీ అడ్డంగా ఉంది, పక్కన జానకమ్మ ఉంది.

“కోర్టుకేం తెలుసు బిడ్డా? జర ఆగు.”

“పెద్దమ్మా, లోపల తిరిగేది ఆయననే అంటివి గద?”

“అవును మల్ల.”

“పరాయోడు గాదు గద.”

“నవ్వులాట గాదే!”

“నేను నవ్వుతలేను. ఉంటే సూస్త.”

కంపను కొసతో పట్టి గోడవారకు లాగింది. తాళం తీసి లోపలికి పోయి, వెనక గదిలో మంచం పక్కన నిలబడింది. ఊపిరి బిగబట్టి చాలాసేపు విన్నది. దుమ్ము వాసన, గోడ మీద బల్లి. అంతే.

“భాగ్యా! ఏమన్న ఉందా?” బయటినుంచి జానకమ్మ కేక.

“ఎవ్వలు లేరు పెద్దమ్మా,” అంది భాగ్యమ్మ. భయం తీరినట్టు లేదు ఆ గొంతు. ఎదురుచూసిన బస్సు రానట్టుంది. మంచం మీది దుమ్మును కొంగుతో దులిపి, దాని మీద కూర్చుంది.