మెత్తగుండాదప్పా

మా నాయన రాజంపేటలో బట్టల శెట్టి. విదేశీ గుడ్డ కొనవద్దని రోజూ మా అంగడి ముందర క్రైస్తవ మిషను బడి పంతులమ్మ ఒకామె నిలబడేది. బయటికొచ్చే ప్రతివాళ్ల గుడ్డ అంచునూ రెండువేళ్ల మధ్య నలిపి చూసేది.

"మెత్తగుండాదప్పా. నువ్విచ్చిన దుడ్డు తెల్లోళ్ల లాఠీ అయి మన వీపు మీదికే వస్తాది" అనేది.

ఎవరూ ఆగేవారు కాదు. బడివాళ్లు ఆమెను పనిలోంచి తీసేశారు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. అయినా వచ్చేది.

ఒకరోజు ఆమె మెట్లెక్కి లోపలికే వచ్చేసింది.

"ఏమమ్మా, దారి తప్పినావా?" అని నాయన నవ్వాడు.

"మా అమ్మ పోయింది శెట్టన్నా. పాతగుడ్డ చుట్టి పూడ్చలేను. ఊరంతా తిరిగినా ఖద్దరు యాడా లేదు. నేను వడికిన నూలు ఇంట్లోనే ఉండాది, నేసే ఆయప్ప కూలికి వలసపోయినాడు."

నాయన నవ్వు ఆగిపోయింది. తెల్లగుడ్డ ఐదు గజాలు చించి ఇచ్చాడు. వద్దంటున్నా వినకుండా ఆమె దుడ్డు పెట్టింది. అలవాటుగా అంచును రెండువేళ్ల మధ్య నలిపింది.

"మెత్తగుండాది" అంది.

తక్కిన మాట అంగట్లో అందరికీ కంఠతా వచ్చు. ఎవరమూ అనలేదు.