మస్కట్ పెట్టెలో పాకం సీసా

మస్కట్ పోవడానికి ఏమేం కావాలని నన్నడిగితే పాస్‌పోర్టు, వీసా అని మొదలుపెట్టను. అన్నిటికన్నా ముందు కడిగిన సీసా ఒకటి కావాలంటాను. అది లేకనే కదా నా బతుకు ఎనిమిది రోజులు చేదెక్కింది! మా అవ్వ, అంటే మా అమ్మ, ఉన్నన్నాళ్లూ ఈ సంగతి చెప్పే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు చెబుతున్నాను. మీరు నవ్వితే నేనేమీ అనుకోను.

డెబ్బైలలో మాట. బోధన్ దగ్గర మా ఊరు. ఎటు చూసినా చెరుకే. నేను చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ వెల్డర్ని. చెరుకు ఆడినన్నాళ్లు పని, ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవడం. అలాంటివాడికి మస్కట్‌లో వెల్డర్లు కావాలని బొంబాయి ఏజెంటు దగ్గర్నుంచి కబురొచ్చింది. షరతులు రెండే. యాభై కిలోల బరువుండాలి, డాక్టరు 'ఫిట్' అని రాసివ్వాలి. ఆ కాగితం నెలలోగా బొంబాయి చేరకపోతే నా చోటు ఇంకొకడికి పోతుంది.

కాగితం వచ్చేదాకా ఆగితే నేను లింబాద్రిని ఎలా అవుతాను? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. నా సంగతి ఇంకో మెట్టు పైన. వీసా లేదు, టికెట్టు లేదు, ట్రంకుపెట్టె మీద మాత్రం 'లింబాద్రి, మస్కట్' అని అరచేతి మందం అక్షరాలు! నల్లకళ్లద్దాలు కొన్నాను. యాటను కోసి ఊరికి దావత్ ఇచ్చాను. ఫ్యాక్టరీ పనికి రాంరాం చెప్పి, మెడలో పూలదండ కూడా వేయించుకున్నాను.

ఆ దండ వాడకముందే నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన గుండె విన్నాడు, నాలుక చూశాడు, త్రాసు ఎక్కించాడు. యాభై మీద ఒక్క కిలో!

"అంత మంచిగనే ఉన్నది. రేపు పొద్దుగాల లేవంగనే మూత్రం సీసల పట్టుకొని రా. గదొక్కటి సూస్తె ఫిట్ రాస్త" అన్నాడు.

ఇనుముకు ఇనుము అతికించే మొనగాణ్ని కదా, ఆ ముక్క అవ్వకు చెప్పడానికి నాకు ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది.

"అవ్వా, ఒక సీస ఇయ్యి."

"ఎందుకు కొడకా?"

"మస్కట్ పోనీకె."

అవ్వ గూట్లోంచి ఒక సీసా తీసి వెలుతురులో పెట్టి చూసింది. "ఆగు, కడిగిస్త. గిండ్ల మొన్నటిదాక..."

"అక్కర్లె! నాకు దెల్వదా?" అని చేతిలోంచి గుంజుకున్నాను. నాకు తెలిసింది సున్నా అని మర్నాడు తేలింది.

డాక్టరు గాజుగొట్టంలో నీలిమందు పోసి, నేను తెచ్చింది నాలుగు చుక్కలు వేసి, దీపం మీద పెట్టాడు. నీలం ఆకుపచ్చయింది, పసుపయింది, చివరికి ఇటుక రంగుకొచ్చి ఆగింది. డాక్టరు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏం పని చేస్తవు?"

"చక్కెర ఫ్యాక్టరీల సార్."

"పని చేసినవా, ఫ్యాక్టరీనే మింగినవా? గింత షుగర్ నేనెన్నడు సూడలె. ఎనిమిది దినాలు తీపి ముట్టకు. మల్ల రా, సూద్దాం."

ఇంట్లో చెబితే అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బాపుకు ఇంకో బాధ. "యాట కూర తిన్నోళ్ల ముంగట నేనెట్ల తిరగాలెరా?" అన్నాడు. నిజం చెబుతున్నాను, నాకూ భయమేసింది. ఇరవై నాలుగేళ్లకే ఒళ్లు చెడిందా అని లోపల్లోపల ఏడ్చాను. మస్కట్ పోయింది, ఉన్న పనీ పోయింది.

ఇక మొదలైంది వైద్యం. పొద్దున కాకరకాయ రసం, పగలు మెంతులు, సాయంత్రం వేపాకు. పక్కింటి గంగవ్వ రోజూ ట్రంకుపెట్టె వంక చూసి, "లింబాద్రీ, మస్కట్ నుంచి ఎప్పుడొచ్చినవు బిడ్డా?" అని అడిగేది. చుట్టూ చెరుకు తోటలు, నడుమ నేను వేపాకు నములుతూ!

ఎనిమిదో రోజు మళ్లీ అదే సీసా తీశాను. మైలపడింది ఎలాగూ పడింది, ఇంట్లో ఇంకో సీసా పాడు చేయడమెందుకని నా తెలివి. చెంబెడు చన్నీళ్లు పోసి ఒకసారి కుదిపి పారబోశాను కూడా. ఖలీల్‌వాడిలో మళ్లీ ఇటుక రంగే వచ్చింది.

"నువ్వు నడుసుకుంట ఎట్లొచ్చినవు?" అన్నాడు డాక్టరు, ఈసారి మెల్లగా.

కాంపౌండర్ సాయిలు సీసా ఒంపేసి మళ్లీ లోపలికి తెచ్చాడు. "సార్, మూత్రం పోయింది గని అడుగున గిదేందో పోతలేదు" అని పుల్లతో గీకి వాసన చూశాడు. "బెల్లం పాకం సార్! మాది గూడ బోధన్ దిక్కే, నాకు దెల్వదా?"

మా దిక్కు బెల్లం వండేటప్పుడు, గట్టిపడకముందే కాస్త పాకం తీసి సీసాల్లో దాచుకుంటారు, రొట్టెలోకి. అవ్వ చెప్పబోయింది అదే!

"సీసల ఏమున్నదో సూసుకోలేదారా?" అన్నాడు డాక్టరు.

"అవ్వ చెప్పబోయింది సార్. నేనే ఇనలె."

డాక్టరు నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అప్పటికప్పుడు గాజు గ్లాసు ఇప్పించి మళ్లీ పరీక్ష చేశాడు. నీలం నీలంగానే ఉంది.

"షుగర్ నీ సీసకున్నది, నీకు లేదు."

"ఇగ ఫిట్ రాయుండ్రి సార్!"

"త్రాసెక్కు."

ఎక్కాను. నలభై ఏడు! కాకరకాయ తన పని తాను చేసింది.

"పో. వారం దినాలు చెరుకు రసం తాగి, బెల్లం తిని రా" అన్నాడు డాక్టరు.

ఆయన తినమంటే సరిపోతుందా? ఇంట్లో అవ్వ ఉంది. "షుగరున్నోనికి బెల్లం పెట్టుమన్నడా? ఆయన డాక్టరేనా?" అని బెల్లం కుండ మీద చెయ్యి తీయలేదు. సీసా కథ చెబితే ఆ చెయ్యే నా వీపు మీద పడుతుంది. దాంతో అంత మగాణ్ని, సొంత చేనులో నక్కలా దాక్కుని వారం రోజులు చెరుకు నమిలాను. యాభై దాటాను. కాగితం గడువుకు రెండు రోజుల ముందు బొంబాయి చేరింది.

మస్కట్‌లో మొదటి రోజు స్నానం చేసి వచ్చేసరికి గదిలో వాళ్లు నా ట్రంకుపెట్టె చుట్టూ కూర్చుని రొట్టెలు తింటున్నారు. నడుమ ఒక సీసా నిండుగా పాకం. ఏ సీసానో మీకు చెప్పనక్కర్లేదు. పారేస్తే ఎందుకని అవ్వ అడుగుతుందని భయపడి, నేను తెచ్చి గూట్లో పెట్టిందే. పాపం అవ్వ, ఫిట్ కాగితం వచ్చాక షుగర్ పోయిందనుకుని, మస్కట్ కోసం సీసా అడిగాను కదా అని కడిగి, నింపి, పెట్టెలో సర్దింది.

"అన్నా, మీ అవ్వ పాకం అమృతమే! నువ్వు తినవా?" అన్నాడొకడు వేళ్లు నాకుతూ.

"వద్దు తమ్మీ, నాకు షుగరున్నది" అన్నాను.

ఆ పూట ఎండురొట్టె చేతిలో పట్టుకుని ప్రమాణం చేశాను. ఈ జన్మలో అవ్వ మాట పూర్తిగా వినకుండా ఆమె చేతిలోంచి దేన్నీ గుంజుకోను, సీసాను అసలే గుంజుకోను.