రంగు వెలిసేదాకా

పోయిన నెల మా అత్తమ్మ పోయింది. మధ్యాహ్నం పప్పుచారుతో నాలుగు ముద్దలు తిని, కాసేపు ఒరుగుతానని పడుకుంది. మళ్లీ లేవలేదు. నాచారం నుంచి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, అమ్మ పోయింది" అన్నాడు. ఆ వెంటనే, "నా చెయ్యి వల్ల గాదు గదా?" అన్నాడు.

బయటివాళ్లు వింటే పోలీసులకు చెప్పేవాళ్లు. నాకు మాత్రం అర్థమైంది. ఎనిమిదేళ్లుగా ఆ ప్రశ్న మా ఇంట్లోనే తిరుగుతోంది. కాదని చెప్పి ఉప్పల్ నుంచి బయల్దేరాను. దానికి పూర్తి జవాబు నా దగ్గరుంది కానీ, అది ఫోన్లో చెప్పేది కాదు.

అత్తమ్మ నాచారంలో ఒక మందుల కంపెనీలో ఇరవై ఏళ్లు మాత్రలు డబ్బాల్లో నింపింది. ఒక్కటి కూడా మింగేది కాదు. బీపీ ఉందని డాక్టర్ రాసిచ్చినా, గోలీలను గంపలల్ల చూసినంక మింగబుద్ది కాదనేది. ఎట్లున్నవని ఎవరడిగినా ఒకటే జవాబు: "ఉన్న బిడ్డా, లిస్టుల నా పేరింక రాలే." మొదటి పదేళ్లు నాతో తలుపు చాటు నుంచే మాట్లాడింది. తర్వాత తలుపు అవసరం లేకుండానే తిట్టింది. ఇంత మంచి అభివృద్ధి చాలామంది అల్లుళ్లకు దొరకదు.

మా మామ పోయిన ఏడాదికి బామ్మర్దికి ఒక ఆలోచన వచ్చింది. తండ్రి మీదున్న ప్రేమను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టాటూగా చేతి మీద పెట్టుకుందామనుకున్నాడు. తండ్రి ఒక్కడే ఎందుకు, అమ్మానాన్నలిద్దరినీ వేయించుకుంటే అమ్మ కూడా మురిసిపోతుందని నాతో అన్నాడు. ఎడమ చెయ్యి బాగుండదు, కాలు అసలే పనికిరాదు, వీపు మీద వేస్తే పెద్దవాళ్లకు వీపు చూపించినట్టు ఉంటుంది. చివరికి కుడి ముంజేయి ఖాయమైంది.

ఇక ఫోటో. వాళ్లిద్దరూ కలిసి దిగింది ఒక్కటే ఉంది. మామ విడిగా దిగిన ఫోటో లేదు కాబట్టి, ఆయన పోయినప్పుడు ఆ ఫ్రేమునే గోడకు పెట్టారు. మరి పక్కన బతికున్న మనిషి ఉంది కదా. అందుకని ఫ్రేము పైకర్ర నడుమ ఒక మేకు కొట్టి, మామ ఉన్న సగానికే దండ వేశారు. నేను మా ఊరి బడిలో పదో తరగతి దాకా చదివినవాణ్ని. ఫోటోను దండతో సహా పంపకూడదని అందులో చెప్పలేదు. ఫోన్లో తీసి, ఉన్నదున్నట్టు టాటూ వేసేతనికి పంపేశాను.

ఉప్పల్ రింగు రోడ్డు పక్కన టాటూ షాపు. సూది చూస్తే భయమని బామ్మర్ది మొహం గోడవైపు తిప్పి కళ్లు మూసుకున్నాడు. మూడు గంటల తర్వాత తెరిచాడు. ముఖాలు చక్కగా వచ్చాయి. చుట్టూ దండ కూడా చక్కగా వచ్చింది, ఇద్దరికీ కలిపి. బొమ్మ వేసినతను సంతోషంగా చెప్పాడట: "దండ ఒక దిక్కు జారింది అన్నా, నేను సరిజేసిన."

ఆ ఎండాకాలమంతా బామ్మర్ది ఫుల్ చేతుల చొక్కాలు వేసుకుని తిరిగాడు. బతికున్న తల్లికి దండ వేశాననే భయం ఒకటి, ఆమె చూస్తుందనే భయం ఒకటి. అత్తమ్మ మాత్రం వాడు పనిచేసే కంపెనీ మిషన్లో చెయ్యి పడిందేమో, దాస్తున్నాడేమో అనుకుంది. ఒక ఆదివారం మేం భోంచేస్తుంటే వచ్చి కొడుకు ముందు కూర్చుంది.

"చెయ్యి సూపియ్."

"ఏం లేదే అమ్మా."

"వేళ్లన్నీ ఉన్నయా? సూపియ్."

చొక్కా చెయ్యి తనే పైకి లాగింది. కళ్లద్దాలు తెప్పించుకుని చాలాసేపు చూసింది. నలభై ఏళ్ల మనిషి, ముద్ద చేతిలో పట్టుకుని ఏడ్చాడు. తప్పైందన్నాడు.

"మీ నాయిన ముక్కు మంచిగ దిగింది" అంది అత్తమ్మ. "నన్నే జర సన్నగ జేసిండు. ఒకసారి దండ వడ్డోళ్లకు మల్ల సావు రాదు తియ్. అన్నం తిను."

తర్వాత తన ముంజేతి మీది పచ్చబొట్టు చూపించింది. చిన్నప్పుడు వాళ్లమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని తులసి చెట్టని పొడిపించిందట. ఇప్పుడు చూస్తే చీపురు లెక్కుందని అందరినీ నవ్వించింది.

ఆ రోజు ఎన్నడూ లేనిది నాతో బస్టాపు దాకా నడిచొచ్చింది. అక్కడ మెల్లగా చెప్పింది.

"నాకు బుగులైంది అల్లుడా. నా దండ నేనే సూసుకున్న. వానికి జెప్పకు. రేపు నేను జరమొచ్చి వొయినా, నేనే సంపిన అనుకుంటడు. ఆ చెయ్యితోని అన్నం తినడు. ఆ రంగు ఎలిసేదాంక నేను ఉండాలె. ఎన్నేండ్లకు ఎలుస్తదో అడుగు."

వెళ్లి అడిగాను. జిందగీ మొత్తం ఉంటుందని టాటూ అతను గర్వంగా చెప్పాడు. అత్తమ్మకు మాత్రం పదేళ్లన్నాను.

పదేళ్లా అని కాసేపు ఆలోచించి, మర్నాటి నుంచి గోలీలు మొదలుపెట్టింది. తొక్కులో ఉప్పు తగ్గించింది. పొద్దున్నే మిద్దె మీద చుట్లు తిరిగింది. జ్వరమొచ్చినా కొడుకు డ్యూటీ నుంచి వచ్చే వేళకు గడప ముందు కూర్చుని బియ్యం ఏరేది. నేను వెళ్లినప్పుడల్లా, రంగు ఏమన్నా తగ్గిందా అని చాటుగా అడిగేది. నేను పెద్ద తెలిసినవాడిలా బామ్మర్ది చెయ్యి చూసొచ్చి, కొంచెం తగ్గిందనేవాణ్ని. ఇసుమంత కూడా తగ్గలేదు.

పదో రోజు కార్యమయ్యాక బామ్మర్దిని పక్కకు తీసుకెళ్లి అంతా చెప్పాను. ముంజేతి మీది బొమ్మ వైపు చూసుకున్నాడు.

"భయపడ్డదా? నా ముంగట నవ్వింది గదా బావా."

"నీ ముంగటనే నవ్వింది. నీ చెయ్యి ఆమెను సంపలే. గోలీలు మింగిపిచ్చింది."

"మరి రెండేండ్లు తక్కువైనయ్ గదా?"

"ఆ పదేండ్లు నేను జెప్పిన అబద్ధం. ఆమెకు ఎన్నేండ్లు రాసున్నయో అన్నేండ్లు ఉన్నది."

గుండు చేతితో రుద్దుకుంటూ నవ్వాడు. తర్వాత ఏడ్చాడు. మొహం కడుక్కుని లోపలికెళ్లి, గోడ పక్కన ఒరిగాడు.

భోజనాలకు చుట్టాలంతా వరసగా కూర్చున్నారు. వంటింట్లోంచి అన్నం గిన్నెతో వచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. తమ్ముడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కుడి చెయ్యి చాపి ఉంది, దారికి అడ్డంగా, అమ్మానాన్నల మొహాలు పైకి కనిపిస్తూ. ఎవరో లేపబోతే మా ఆవిడ వద్దని సైగ చేసింది. అన్నం, పప్పు, కూర అన్నీ వెనక తలుపు నుంచి ఇల్లంతా చుట్టుకుని వచ్చాయి. వడ్డన బాగా ఆలస్యమైంది. ఆకలి మీదున్న చుట్టాలు కూడా, ఆ గురక వింటూ, గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.