ఆ రోజు చుక్కలు పెట్టింది నేనే

నిన్న పొద్దున నాతో పనిచేసే రఫీక్ భాయ్ ఫోన్ చేసి "ప్రసాదరావు సార్ పోయిండ్రు" అంటే నమ్మలేదు. జనాన్ని ఆటపట్టించడం నా పని కదా, ఈసారి నాకే తిప్పికొట్టాడనుకుని నాలుగు తిట్టి ఫోన్ పెట్టేశాను.

మళ్లీ చేశాడు. ఏడుస్తున్నాడు.

అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. సైదాబాద్ వెళ్లి సార్‌ని చూసి వచ్చాను. మళ్లీ రోడ్డు మీదికి. చాయ్ చెప్పి, తాగకుండానే లేచాను.

తెలియనివాళ్లకు చెప్తున్నా. జహనుమాలో మా టీపొడి ప్యాకింగ్ యూనిట్‌కి సార్ క్వాలిటీ ఇన్‌ఛార్జ్. గంటకోసారి ఐదు ప్యాకెట్లు తూచి, సగటు తీసి, గోడ మీది గ్రాఫ్ షీట్‌లో ఒక చుక్క పెట్టాలి. చుక్కలు రెండు ఎర్ర గీతల మధ్య తిరుగుతున్నంతసేపు మెషీన్‌ని ముట్టుకోవద్దు. గీత దాటితేనే ఆపి చూడాలి.

నేనేమో ఒక ప్యాకెట్ తగ్గితే స్క్రూ ఇటు, ఇంకోటి పెరిగితే అటు తిప్పేవాణ్ని. నువ్వు తిప్పబట్టే బరువు ఊగుతోందయ్యా అన్నారు సార్.

ఇరవై ఏళ్లుగా మెషీన్ నడుపుతున్న చెయ్యి నాది. ఒళ్లు మండింది.

ఒకరోజు తూచడం మానేసి, షిఫ్ట్ మొత్తానికీ చుక్కలన్నీ సరిగ్గా నడిగీత మీద పెట్టేశాను.

మెషీన్ ఆ రోజే దారి తప్పింది. బరువు తక్కువుందని పత్తర్‌గట్టి దుకాణం నుంచి సరుకంతా వాపసు. యూనిట్ ఓనర్ సేఠ్ అందరి ముందూ సార్ మీద పడ్డాడు. "ఏం లెక్కలు సార్ ఇవి? గీ కాగితం చింపి పారెయ్యుండ్రి."

సార్ షీట్ చూశారు. నన్ను చూశారు. నా పేరు చెప్తే సాయంత్రానికల్లా నా పని ఊడేది.

"తప్పు నాదేనండి. నేను చూసుకోలేదు."

తర్వాత నన్ను పక్కకి పిలిచారు. "నిజంగా తూస్తే చుక్కలు కాస్త పైకీ కిందికీ కదులుతాయి యాదగిరీ. ఇవి కదలట్లేదు. ఇంత మంచి మెషీన్ దేవుడి దగ్గర కూడా ఉండదయ్యా."

అంతే. తిట్టలేదు.

సేఠ్‌ని బతిమాలి ఆ షీట్ పద్ధతికి ఇంకో నెల గడువు అడుక్కున్నారు. కొత్త షీట్ అంటించి పెన్సిల్ నా చేతికే ఇచ్చారు. సరుకు మళ్లీ వాపసు రాలేదు.

సేఠ్ మాత్రం ఇప్పటికీ "సార్ ఒక్కసారే లెక్క తప్పిండు" అంటాడు. నిన్న సార్ తల దగ్గర నిలబడి కూడా అన్నాడు, ప్రేమగానే. ఊరందరి మీదా నోరు చేసుకునే నేను అక్కడ నోరు మెదపలేదు.

సేఠ్, ఇది నువ్వు చదువుతావు. సార్ లెక్క తప్పలేదు. దొంగ చుక్కలు నావి. పనిలో ఉంచుతావో తీసేస్తావో నీ ఇష్టం.

సెలవు సార్. మీ పేరు మీద ఏ మచ్చా లేదు. మీ ఆత్మ ప్రశాంతంగా ఉండాలి.