కొమ్ముకి ఒక దీర్ఘం

ఈ వేళ గుడివాడ బస్టాండులో టీ తాగుతూ పేపరు తిరగేస్తే, దిగుమతులు ఆగిపోయినా ఇబ్బంది లేకుండా దేశం అరుదైన ఖనిజాలు నిల్వ చేయబోతోందన్న వార్త కనిపించింది. ఆ ఉద్యోగం నేనెప్పుడో చేశానండీ అంటే, టీకొట్టాయన జాలిపడి నా గ్లాసులో ఇంకో చెంచా పంచదార వేశాడు.

నవ్వేవాళ్ళు నవ్వనీ. ఇరవై రెండేళ్ళ వయసులో నేను బందరు సర్కారు గోడౌనులో కాపలా కాసింది సాక్షాత్తూ భారతదేశాన్ని. కాకపోతే అది రబ్బరు షీట్ల రూపంలో ఉండేది. ఓడలు రావడం మానేస్తే దేశంలోని లారీ టైర్లన్నీ మా దయమీదే తిరగాలి. కట్టలు పేరిస్తే పై కట్టకి మేఘాలు తగిలేవి. తలుపు మీద కొబ్బరిబోండాలంత అక్షరాలతో ‘కదపరాదు’ అని బోర్డు.

సముద్రపు గాలికి చదువు రాదు కదా, తొలి వానలకే లోపలికి దూరి షీట్లకి నా గడ్డంకంటే ఒత్తుగా బూజు పట్టించింది. ఊరందరూ మావయ్యా అని పిలిచే మా స్టోర్‌కీపరు, రిటైర్మెంటుకి ఆరు నెలలున్న మనిషి, పైవాళ్ళకి రాసి రాసి విసిగిపోయి, రేవులో చేపలెండబెట్టే ఒకావిడని పిలుచుకొచ్చాడు. ఆవిడ షీటు వాసన చూసి, “ఎండలో ఏశారో పెళుసెక్కిపోద్ది మావయ్యా. తుడిచి, నీడన గాలికేసి తిప్పుతా ఉండాల” అని తేల్చేసింది. దండేలు కట్టాం. గోడౌనులో దేశరక్షణ ఎండుచేపల్లా వేలాడింది.

సరిగ్గా అప్పుడే పెద్ద ఆఫీసరు తనిఖీకి దిగాడు.

“బోర్డు చదవలేదా? సస్పెండు చేయిస్తాను!”

“చదివే కదిపామండీ” అన్నాడు మావయ్య. “చూడండి, ‘కదపరాదూ’ అని బతిమాలుతోంది.”

నిజమే! చివరి కొమ్ముకి ఎవరో బొగ్గుతో దీర్ఘం లాగేశారు. వద్దన్న మాట కాస్తా, కాస్త కదపొచ్చు కదా అన్న మాటయి కూర్చుంది. మావయ్య వేళ్ళు నల్లగా ఉన్నాయి.

“అన్నీ దించి కట్టలు కట్టు!”

“కట్టనండి. సస్పెండు చేసుకోండి. ముందు ఆ ముట్టుకోని కట్టలో చెయ్యి పెట్టి చూడండి.”

పెట్టాడు. చెయ్యి మోచేతిదాకా పచ్చగా వచ్చింది. ఆయన దాన్ని తెల్ల సఫారీకి తుడుచుకుని, ఒక్క ముక్క రాయకుండా జీపెక్కాడు.

తర్వాత లారీలు వచ్చి సరుకు తీసుకెళ్తే, పనికిరాదంటూ ఒక్క షీటూ తిరిగి రాలేదు. ఇప్పుడా గోడౌనూ లేదు, మావయ్యా లేడు. బోర్డులు మాత్రం కంప్యూటర్లలోకెక్కాయట, బొగ్గు అంటదట. అయినా టీకొట్టాయన పొయ్యి దగ్గర ఒక బొగ్గుముక్క అడిగి జేబులో వేసుకున్నాను.