గ్లౌజులు తీసి అతికించిన మూడు బల్లలు

మూడేళ్ల కిందట మార్చి నెలలో నేను గుంటూరులో కారం ప్యాక్ చేసే యూనిట్ మానేసి, ఒంగోలులో మస్తాన్ గారి ఫైబర్ షెడ్డులో చేరాను. మా ఆయన గ్రానైట్ లారీ మీద డ్రైవరుగా కుదిరాడు, అందుకని ఊరు మారాం. కారం యూనిట్‌లో నాది వాక్యూమ్ మిషన్ మీద డ్యూటీ. కవర్లో కారం పోసి, లోపలి గాలంతా లాగేసి, ఇటుకలా గట్టిపడ్డాక మూతి అతికించాలి. అంతకుముందు తొడిమలు తీశాను, కాయ గ్రేడింగ్ చేశాను. మొత్తం మీద ఐదేళ్లు మిరపకాయల్లోనే బతికాను.

ఇప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఫైబర్ పని నుంచి రిటైరయ్యానంటే జనం నవ్వుతారు. మళ్లీ ఆ ఫైబర్ అతికించే మందు ఉన్న గదిలోకి అడుగు పెట్టకూడని మనిషిని ఇంకేమనాలో నాకైతే తెలియదు. ఈ పని నేర్చుకోవాలని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మస్తాన్ గారి షెడ్డులో అప్పటిదాకా ట్రాక్టర్ల మీద వేసే టాపులు, నీళ్ల తొట్లు, పెళ్లి మండపాలకి ఏనుగులు, గుర్రాలు చేసేవాళ్లు. నేను వెళ్లేసరికి ఆయన చేతిలో ఒక కొత్త ఆర్డరు ఉంది. సముద్రం ఒడ్డున రిసార్ట్ నడిపే రాజశేఖర్ అనే ఆయనకి నాలుగు పాడిల్ బోర్డులు కావాలి. పదకొండు అడుగుల పొడవు బల్ల. దాని మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ నీళ్ల మీద వెళ్తారు.

షెడ్డులో రుద్దుడు పని చేసే నాగమణక్క ఆ కాగితం మీద బొమ్మ చూసి, “ఇంత పొడుగు ఇస్త్రీ బల్ల ఎవరికి అన్నా?” అంది.

“ఇస్త్రీకి కాదమ్మా. సముద్రం మీద నుంచుంటారంట,” అన్నారు మస్తాన్ గారు.

“ఏం, నేల మీద చోటు చాల్లేదంటనా?”

నాకు నవ్వాగలేదు. చేరిన మొదటి రోజే పెద్దగా నవ్వేశానని సిగ్గేసింది కూడా. మస్తాన్ గారు నా వైపు తిరిగి నాకేం పని వచ్చో అడిగారు. గాలి లాగడం వచ్చన్నాను. ఆయన చేతిలో కాగితం పక్కన పెట్టి, “నెల నుంచి నేను వెతికేది ఆ మనిషినేనమ్మాయ్, కూర్చో,” అన్నారు.

గాలికీ బల్లకీ సంబంధం ఏమిటో చెబుతాను. బల్ల లోపల ఉండేది థర్మోకోల్. దాన్ని వేడి తీగతో కోసి, రుద్ది, చేప ఆకారానికి తెస్తారు. మధ్యలో నిలువునా ఒక చెక్క పట్టీ ఉంటుంది, లేకపోతే విరిగిపోతుంది. పైన గ్లాస్ ఫైబర్ గుడ్డ పరిచి దానికి మందు పట్టిస్తారు. మామూలుగా ట్రాక్టర్ టాపులకి వాడే మందు ఇక్కడ పనికిరాదు. మస్తాన్ గారు ముందు తెలియక ఒక ముక్క మీద పోస్తే థర్మోకోల్ ఉప్పురాయిలా కరిగి గుంట పడిందట. అందుకని ఎపాక్సీ అనే వేరే మందు తెప్పించారు. అది రెండు డబ్బాల్లో వస్తుంది. రెండూ కలిపాక, మన ఎండలకి, అరగంటలో గట్టిపడటం మొదలవుతుంది.

గుడ్డకి మందు పట్టిస్తే సరిపోదు. గుడ్డ థర్మోకోల్‌కి ఎక్కడికక్కడ అతుక్కోవాలి, ఎక్కువైన మందు బయటికి రావాలి. పదకొండు అడుగుల బల్లని చేత్తో అంతా ఒకేలా ఎవరూ నొక్కలేరు. గాలి నొక్కుతుంది. బల్లని టేబుల్ మీద పెట్టి, మందపాటి పాలిథిన్ కవరు కప్పి లోపలి గాలి లాగేస్తే, బయటి గాలే అన్ని వైపులా సమానంగా అదుముతుంది. పంపు కోసం ఒక ఏసీ మెకానిక్ దగ్గర పాతది తెచ్చారు. గ్యాస్ నింపే ముందు వాళ్లు పైపులు ఖాళీ చేసే పంపు అది. మందు పట్టించిన గుడ్డ మీద తర్వాత ఊడదీయడానికి ఒక నైలాన్ గుడ్డ, దాని మీద చిల్లుల షీటు, ఆ పైన గాలి నడవడానికి దిండ్లలో కూరే పాలిస్టర్ దూది. చుట్టూ పత్తి పండే జిల్లాలో ఉండి ప్లాస్టిక్ దూది కొనడమేంటని నేను అడిగాను. పత్తి అణిగిపోయి గాలికి దారి ఇవ్వదు, మందు తాగేస్తుంది, అందుకని పనికిరాదన్నారు.

మొదట్లో నా అలవాటు కొద్దీ పంపు పూర్తిగా తిప్పబోయాను. మస్తాన్ గారు చెయ్యి పట్టుకుని ఆపారు. “కారం పొట్లం కాదమ్మాయ్, థర్మోకోల్ చితికిపోద్ది. మీటర్లో సూది పది దగ్గర ఆపు.” ఆ రోజు నుంచి పది అంటే పదే. పన్నెండు దాటనివ్వలేదు.

అసలు కష్టం కవరు అంచు దగ్గర. కవరుని బల్ల చుట్టూ టేబుల్‌కి అతికించడానికి కారు అద్దాలకి వాడే నల్లటి బంక టేపు వాడతాం. చుట్టుకొలత పాతిక అడుగులు పైమాటే. అందులో వెంట్రుకంత సందు ఉన్నా గాలి లోపలికి వస్తుంది, సూది లేవదు. అందుకే ఆ పని నాకిచ్చారు. గ్లౌజులు వేసుకుంటే ఆ టేపు గ్లౌజుకే అంటుకుని సాగుతుంది, ముడత ఎక్కడుందో వేలికి తెలియదు. మస్తాన్ గారు గ్లౌజుల పెట్టె తెచ్చి ఎదురుగా పెట్టారు, ఆ మాట చెప్పకపోతే తప్పు. నేనే తీసి పక్కన పడేశాను.

నాగమణక్క ఒకసారి అడిగింది, “మందు చేతికంటుద్ది గదే?”

“అంటనీ అక్కా. గుంటూరు మిరపకాయల్లో పండిన చేతులు ఇయ్యి. వీటికేం అవుద్ది?”

అప్పట్లో నాకది గొప్ప. మిరపకాయ పనికి కొత్తగా వచ్చినవాళ్లు వారం రోజులు ఏడుస్తారు. మజ్జిగలో చేతులు పెట్టుకుంటారు, కొబ్బరినూనె రాసుకుంటారు. నెల తిరిగేసరికి చెయ్యి రాటుదేలుతుంది. ఆ నెల ఓర్చుకున్నవాళ్లే పనిలో నిలబడతారు. ఓర్చుకోవడమే పని నేర్చుకోవడం అని నేను అనుకునేదాన్ని.

మొదటి బల్లకి వేళ్ల మధ్య దురద వచ్చింది. నూనె రాశాను. రెండో బల్లకి మణికట్టు దాకా చిన్న పొక్కులు. చుడీదార్ చేతులు కిందికి లాక్కుని తిరిగాను. దాచడానికి కారణం ఉంది. ఆ రెండు బల్లలూ చూడటానికి రాజశేఖర్ గారు వచ్చి, వేలితో తట్టి చూసి, “అతికించింది ఎవరండీ?” అని అడిగారు. మస్తాన్ గారు నన్ను చూపించి, “మా టెక్నీషియన్ అండీ, కోటేశ్వరి,” అన్నారు. పదో తరగతి తప్పి, ఎక్కడికెళ్లినా “ఏమ్మాయ్” అనిపించుకున్న దాన్ని. ఆ మాట పోగొట్టుకోవాలని లేదు. పొక్కులు చూపిస్తే పని మాన్పిస్తారని భయం.

మూడో బల్ల రోజు తెల్లారి లేచేసరికే కనురెప్పలు బరువుగా ఉన్నాయి. నిద్ర చాలలేదనుకున్నాను. ఎండ ఎక్కకముందే మందు కలిపాం. గుడ్డ పరిచాం, మందు పట్టించాం, కవరు వేసి అంచంతా అతికించి పంపు వేశాను. సూది నాలుగు దగ్గర ఆగిపోయింది. ఎక్కడో గాలి వస్తోంది. అరగంటలో అప్పటికే సగం అయిపోయింది. గుడ్డ పైకి లేచిన చోట మందు గట్టిపడితే ఆ బల్ల చెత్తకుప్పకే.

పంపు చప్పుడులో లీకు వినిపించదు. పైపు మీద ఉన్న కొళాయి కట్టేసి, పంపు ఆపి, చెవి పెట్టి వినాలి. మస్తాన్ గారు ఫ్యాను కట్టేశారు. నాగమణక్క ఊపిరి బిగబట్టి నిలబడింది. నేను టేబుల్ చుట్టూ వంగి నడిచాను. అప్పటికి కళ్లు సన్నటి గీతల్లా అయ్యాయి, అంచు సరిగ్గా కనిపించడం లేదు. తోక వైపు మూలలో చాలా చిన్నగా ‘స్‌స్’ అని వినిపించింది. వేలితో తడిమితే ముడత తగిలింది. టేపు చిదిమి, ముడతలో కుక్కి, బొటనవేలితో గట్టిగా అదిమాను. వేళ్ల నిండా మందే. పంపు వేశారు.

“ఆరు... ఎనిమిది... పది! నిలబడిందమ్మాయ్!” అని మస్తాన్ గారు అరిచారు.

నేను చూడలేదు. కళ్లు తెరుచుకోవడం లేదు. నాగమణక్క నా మొహం తిప్పి చూసి, “ఓరి దేవుడో, అన్నా, దీని మొహం చూడు,” అంది.

ఆటోలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. లోపలికి నాతో నాగమణక్క వచ్చింది. డాక్టరమ్మ నా చేతులు చూసి ఏం పని చేస్తానో అడిగింది. మస్తాన్ గారి ఫోన్‌లో మందు డబ్బా ఫొటో చూపించాం. దాని మీద చేతి బొమ్మ ఉంది, ఏదో హెచ్చరిక ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ బొమ్మ నేను రోజూ చూసినదే. ఐదేళ్లు మిరపకాయల్లో చేశానని, నా చేతులు తట్టుకుంటాయని ఆమెకి కూడా చెప్పాను. ఆమె కోప్పడలేదు. మిరప మంట చర్మానికి అలవాటవుతుందని, ఈ మందుకి మాత్రం చర్మం అలవాటు పడదని, ఒకసారి పడకపోతే తర్వాత ప్రతిసారీ ఇంకా తక్కువ మందుకే ఇంకా ఎక్కువగా వాస్తుందని వివరంగా చెప్పింది. చివరికి దాని వాసన, రుద్దిన పొడి కూడా పడకపోవచ్చంది. ఇక జన్మలో ముట్టుకోవద్దంది.

బయటికి వచ్చాక మస్తాన్ గారు ఏమందని అడిగారు. “పది రోజులు ఆగితే తగ్గుద్దంట అన్నా. నాలుగోది తర్వాత చేద్దాం,” అన్నాను.

నాగమణక్క వెంటనే అందుకుంది. “ఎందుకే అబద్ధాలు? జన్మలో ముట్టుకోవద్దందన్నా. నేను పక్కనే ఉన్నా.”

“నీకెందుకక్కా మధ్యలో?”

“నీ కళ్లు పోయినాక నిన్ను నడిపించుకుని తిరగాల్సింది నేనేగా, అందుకు.”

మస్తాన్ గారు ట్రాక్టర్ టాపుల మందు ఇరవై ఏళ్లు వట్టి చేతులతో పూశానని, తనకేమీ కాలేదు కాబట్టి నన్ను గట్టిగా ఆపలేదని అన్నారు. తర్వాత ఒకటే మాట, “షెడ్డు లోపలికి రావద్దమ్మాయ్.” నాకు ఆయన మీదా, అక్క మీదా పట్టరాని కోపం వచ్చింది. వారం రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. నేను లేకుండా నాలుగో బల్ల ఎలా చేస్తారో చూద్దామనుకున్నాను, అదీ నిజమే.

ఎనిమిదో రోజు నాగమణక్క మా ఇంటికే వచ్చింది. ఆ పని తనకి అప్పగించారంది. “నాకు నీ చెవి లేదు, నీ వేళ్లు లేవు. వచ్చి చెప్పు. రానంటే నేనూ గ్లౌజులు తీసేస్తా,” అంది. అది బెదిరింపని తెలుసు. అయినా వెళ్లాను.

షెడ్డు బయట, రోడ్డు వైపు నీడలో కుర్చీ వేశారు. లోపల మందు డబ్బాలు తెరవకుండా ముందు వట్టి కవరుతో చేయించాను. అక్క గ్లౌజులతో టేపు ముట్టుకోగానే అంటుకుని సాగింది. రెండోసారీ అంతే. “చూశావా, నేను చెప్పలా?” అని నేను బయట నుంచి అరిచాను. కొంచెం సంతోషంగానే అరిచాను.

అక్క టేపు వంక చూస్తూ, “అయితే మందు కలపకముందే దీన్ని టేబుల్‌కి అంటించేస్తేనో? దాని పైనుండే కాగితం పీకకుండా ఉంచితేనో?” అంది.

మందు కలపకముందు చేతులు శుభ్రంగానే ఉంటాయి. టేపు అప్పుడే చుట్టూ అంటించి, పై కాగితం అలాగే ఉంచొచ్చు. గ్లౌజులు రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకుని, గుడ్డ పని అయ్యాక మందంటిన పై జత తీసేస్తే, లోపలి జత పొడిగా ఉంటుంది. దాంతో కాగితం లాగుతూ కవరు అదుముకుంటూ పోవచ్చు. ముడత వచ్చే మూలల్లో టేపు ముందే రెండు వరసలు వేసుకోవచ్చు. ఆ మధ్యాహ్నమంతా వట్టి కవరుతో నాలుగుసార్లు చేయించాను. మర్నాడు పొద్దున్నే మందు కలిపారు. నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను. పంపు వేసిన చప్పుడు వినిపించింది. లోపల నుంచి మస్తాన్ గారు సూది చదివారు. ఎక్కడా ఆగకుండా పదికి వెళ్లింది. పంపు ఆపి వినాల్సిన అవసరం కూడా రాలేదు.

నాలుగు బల్లలూ ఇప్పటికీ నీళ్ల మీదే ఉన్నాయి. నేను వట్టి చేతులతో అతికించిన మూడింటిలో ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట లీకు వెతకాల్సి వచ్చింది. అక్క గ్లౌజులతో చేసినదానికి రాలేదు. గ్లౌజులతో ఆ పని కాదని నేను అందరికీ చెప్పాను. అవుతుంది. కాకపోతే మందు కలిపే ముందు ఒక గంట కూర్చుని సిద్ధం చేసుకోవాలి. ఆ గంట నేను పెట్టలేదు. దానికి బదులు చేతులు పెట్టాను.