మద్దిలేటి మేస్త్రీ ఒప్పుకున్న రోజు

నంద్యాలలో ఆళ్లగడ్డ రోడ్డు మొదట్లో, రేకుల షెడ్డు కింద కారు బ్రేకులు బాగుచేసే మద్దిలేటి మేస్త్రీకి జకరయ్య అంటే ఒళ్లుమంట. ఆ జకరయ్య షెడ్డు సరిగ్గా ఎదురుగానే, రోడ్డుకు అవతలి పక్కన ఉంది. అందువల్ల ఆ మంట పొద్దున తడిక తీసింది మొదలు సాయంత్రం మళ్లీ మూసేదాకా ఆరకుండా మండేది.

జకరయ్య రాకముందు మద్దిలేటి ఇలాంటి మనిషి కాదు. చిన్నప్పుడు కొలిమి దగ్గర బండి చక్రాలకు ఇనుప పట్టాలు తొడిగాడు. తరువాత కర్నూలులో బస్సుల షెడ్డులో పదేళ్లు పనిచేసి రాడ్డు బ్రేకుల కిటుకు పట్టుకున్నాడు. ఆ కాలపు పాత కార్లలో బ్రేకు తొక్కితే ఇనుప రాడ్లు నాలుగు చక్రాలనూ లాగి పట్టుకునేవి. నాలుగూ ఒక్కలాగే పట్టుకోవాలి. ఒకటి తొందరపడిందంటే కారు పక్కకు ఈడ్చుకుపోయి ఏ చింతచెట్టుకో గుద్దుకుంటుంది. మద్దిలేటి కారును నాలుగు మొద్దుల మీదికి ఎత్తి, భార్య బాలమ్మను స్టీరింగు ముందు కూర్చోబెట్టేవాడు. "పావు తొక్కు. ఇంకొంచెం. ఆడనే పట్టుకో" అంటూ ఒక్కో చక్రాన్నీ అరచేత్తో తిప్పి చూసేవాడు. ఆ అరచెయ్యి చెప్పిందే కొలత. నంద్యాల మొత్తం మీద కారు స్టీరింగు పట్టుకుని కూర్చున్న ఆడమనిషి బాలమ్మ ఒక్కతే. ఆమె కొంగు నడుముకు దోపుకుని దర్జాగా కూర్చుంటే దారిన పోయేవాళ్లు నిలబడి చూసేవాళ్లు. చూస్తే చూడనీ అని మొగుడూ పెళ్లామూ కాస్త మురిసిపోయేవాళ్లు కూడా.

ఆళ్లగడ్డ నుంచి టాక్సీ తోలే శేషయ్య ఆయనకు పాత ఖాతాదారు. శేషయ్యది ముప్పయ్యారో సంవత్సరం ఫోర్డు కారు. పదిహేను రోజులకోసారి వచ్చి, రాడ్లు సరిచేయించుకుని, "నీ చెయ్యి పడితేనే నాకు ధైర్యమన్నా" అని పోయేవాడు. ఆ మాట వినడం కోసమే మద్దిలేటి పదిహేను రోజులూ ఎదురుచూసేవాడంటే అతిశయోక్తి కాదు.

యాభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో జకరయ్య దిగాడు. బెంగుళూరులో మిలిటరీ వర్కుషాపులో పనిచేసి వచ్చిన మనిషి. ఇస్త్రీ చొక్కా, తక్కువ మాటలు. వస్తూనే ఎక్కడో బోల్తాపడిన కారు ఒకటి కొని తెచ్చి షెడ్డు ముందు పడేశాడు. అదీ ఫోర్డే కానీ నాలుగేళ్ల తరువాతి మోడలు. దాని ఇంజను పోయింది, బ్రేకులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. అవి ఆయిల్ బ్రేకులు. పెడలు తొక్కితే సన్నని పైపుల్లో నూనె పోయి, చక్రంలో ఉన్న రబ్బరు కప్పులను నెట్టి, నాలుగు చక్రాలనూ తనంతట తానే సమానంగా పట్టుకుంటుంది. ఆ సామానంతా ఊడదీసి జకరయ్య శేషయ్య కారుకు ఎక్కించడం మొదలుపెట్టాడు.

నాలుగు రోజులు సాగింది ఆ పని. నాలుగు రోజులూ మద్దిలేటి చేతిలో రెంచీ ఉన్నా కళ్లు రోడ్డు దాటి అవతలే ఉన్నాయి. "సరిపోకూడదు స్వామీ" అని తన పేరున్న దేవుడికే మొక్కుకున్నాడు. మూడో రోజు పెడలు కింది పంపు పాత కారు చట్రానికి సరిపోలేదు. అది చూసి వచ్చి ఆ పూట ఒక ముద్ద సంగటి ఎక్కువ తిన్నాడు. మరుసటి రోజు జకరయ్య ఇనుప పలక ఒకటి కోసి, రంధ్రాలు వేసి, పంపును ఇట్టే బిగించాడు.

కుందూ వంతెన దగ్గర పల్లంలో కారును వదిలి చూశారు. తొక్కీ తొక్కకముందే నిలబడింది. పక్కకు వెంట్రుకవాసి కూడా జరగలేదు. శేషయ్య పరుగున వచ్చి, ఇంకెవరికీ చెప్పనట్టు మద్దిలేటికే చెప్పాడు.

"బొటనవేలితో తొక్కితే నిలుస్తాందన్నా! ఇంక పదైదు దినాలకోసారి వచ్చే పనే ల్యా!"

మద్దిలేటి రెంచీ పక్కన పడేసి టీ అంగడికి నడిచాడు.

ఆ రోజు నుంచి ఆయన నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. రోడ్డు పక్కన టీ అంగట్లో కూర్చుని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. "రాడ్డు ఒకటి తెగితే మూడు చక్రాలుంటాయప్పా. ఆ పైపు ఒకటి పగిలిందనుకో, నాలుగూ గోవిందా." ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ అంతటితో ఆగితేనా? ఇంకో రోజు చక్రమే ఊడిపోతుందన్నాడు. మరో రోజు కారు తగలబడుతుందన్నాడు. మిలిటరీలో పనికిరాని వాళ్లనే ఊరిమీదికి పంపిస్తారన్నాడు. ఇవేవీ జరగలేదు. జనం మొదట భయపడ్డారు, తరువాత నవ్వుకున్నారు, చివరికి ఆయనను చూడగానే "మేస్త్రీ, ఈ పొద్దు ఏం ఊడుతాది?" అని అడగడం మొదలుపెట్టారు. బాలమ్మ స్టీరింగు ముందు కూర్చుని నెలలు గడిచాయి.

మాఘమాసంలో ఒక ఉదయం శేషయ్య కారు టీ అంగడి ముందు ఆగింది. నిండా పెళ్లివాళ్లు. పెళ్లికూతురు, తల్లి, ఒక ముసలమ్మ, ఒళ్లలో పిల్లలు, ముందు సీట్లో పెద్దాయన ఒకరు. నల్లమల ఘాటు దాటి గిద్దలూరు పోవాలి. జకరయ్య ఊళ్లో లేడు, సామాను కోసం బెంగుళూరు పోయాడు. శేషయ్య టీకి దిగాడు. అక్కడే కూర్చున్న మద్దిలేటి ముక్కుకు వడలు వేగే వాసన వచ్చింది. అంగట్లో ఇంకా బాండలి పెట్టనే లేదు. లేచి కారు ముందు చక్రం మీద చెయ్యి పెట్టాడు. కాలింది.

"శేషయ్యా, బ్రేకులో ఏం పోసినావ్?"

"బుడ్డల నూనె. జకరయ్య ఇచ్చిన డబ్బా అయిపాయ. అందులో ఉండేది ఆముదంతో చేసిందేనని ఆయనే చెప్పినాడు. ఆముదం పనికొస్తే బుడ్డల నూనె ఎందుకు పనికిరాదు? నాలుగు దినాలాయ పోసి. ముందరి కంటే గట్టిగా పట్టుకుంటాంది."

గట్టిగా పట్టుకోక ఏం చేస్తుంది! వేరుశనగ నూనె రబ్బరును ఏం చేస్తుందో మద్దిలేటికి తెలుసు. నూనె మిల్లులో రబ్బరు పైపు ఉబ్బి, మెత్తబడి, వేలితో గిచ్చితే ముక్కలుగా రాలడం కళ్లారా చూశాడు. చక్రాల్లోని రబ్బరు కప్పులు ఇప్పుడు ఉబ్బి పట్టుకుంటున్నాయి. కాసేపటికి చినిగిపోతాయి. ఘాటు దిగేటప్పుడు శేషయ్య తొక్కితే పెడలు నేలకు తగులుతుంది, అంతే.

ఆయన మనసులో మొట్టమొదట వచ్చిన మాట "పోనీ". దాచడమెందుకు, ఆ మాటే వచ్చింది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, జకరయ్య పేరు ఆ లోయలో కలిసిపోతుంది. రేపటి నుంచి కార్లన్నీ మళ్లీ ఈ షెడ్డుకే వస్తాయి. టీ సగం తాగేంతసేపు ఆ ఆలోచన ఎంతో తియ్యగా ఉంది. కారులో ముసలమ్మ ఒళ్లోని పిల్ల కిటికీలోంచి చెయ్యి చాపి ఆయన పైగుడ్డ అంచు లాగింది. మద్దిలేటి గ్లాసు కింద పెట్టాడు.

"ఈ బండి ఘాటుకు పోగూడదు. బ్రేకు పోతాది."

అంగడంతా ఒక్కసారి గొల్లుమంది. శేషయ్య కూడా నవ్వాడు. "ఏందన్నా, మొన్న పైపు పగుల్తాదంటివి. అంతకుముందు చక్రం ఊడుతాదంటివి. ఈ పొద్దు నూనె మీద పడినావా?"

"నిజంగా చెప్తాండా, ఇనప్పా!"

"ఎప్పుడు అబద్ధమని చెప్పినావ్?" అన్నారు ఎవరో. మళ్లీ నవ్వులు. ముందు సీట్లో పెద్దాయన "ముహూర్తం మించిపోతాది, బేగా పోనీయప్పా" అని విసుక్కున్నాడు. శేషయ్య ఎక్కి ఇంజను వేశాడు.

మద్దిలేటి కారు ముందుకు పోయి రెండు చేతులూ బానెట్టు మీద ఆనించాడు. తన మాటను ఎందుకు నమ్మడం లేదో ఆయనకు తెలుసు. ఎలా చెబితే నమ్ముతారో కూడా తెలుసు. అది తెలియకపోయినా బాగుండేదనిపించింది. రోడ్డు అవతల ఖాళీగా ఉన్న జకరయ్య షెడ్డు వైపు ఒకసారి చూసి, అందరికీ వినబడేట్టు అన్నాడు.

"శేషయ్యా, జకరయ్య పెట్టిన బ్రేకు నా బ్రేకు కంటే మేలు. నూరు రెట్లు మేలు. నేను ఇంకో ఇరవై ఏండ్లు కూచున్యా అట్లాంటి పని చేయలేను. ఆయనకుండే పనితనం నాకు ల్యా. కుందూ వంతెన కాడ మీరు బండి నిలిపిన దినమే నాకది తెల్సు. తెల్సి, ఓర్చుకోల్యాక ఇన్ని దినాలు నోటికొచ్చింది కూసినా. పైపు పగలదు, చక్రం ఊడదు. అంత మంచి పనిని ఇప్పుడు నువ్వే నూనె పోసి చెడగొడతాండావ్. ఒక్క చక్రం ఇప్పి చూడు. నేను చెప్పింది తప్పయితే ఈ ఊళ్లో మళ్లీ రెంచీ పట్టను."

ఎవరూ నవ్వలేదు. శేషయ్య ఇంజను ఆపాడు.

చక్రం విప్పారు. రబ్బరు కప్పు నానిన శనగగింజలా ఉబ్బి ఉంది. శేషయ్య వేళ్ల మధ్య నలిపితే ముక్కలై రాలింది. పెళ్లివాళ్లు మూటలు దింపుకుని, తమ ప్రయాణం చెడగొట్టిన మద్దిలేటిని నోరారా తిట్టుకుంటూ రైలు కోసం స్టేషనుకు నడిచారు.

జకరయ్య వచ్చాక సంగతి విని, రోడ్డు దాటి మొదటిసారి మద్దిలేటి షెడ్డులోకి వచ్చాడు. "తప్పు నాది మేస్త్రీ. ఏ నూనె పొయ్యగూడదో శేషయ్యకు నేనే చెప్పి ఉండాల్సింది" అన్నాడు. "నీ చోట నేనుంటే నోరు తెరిచేవాణ్ణో లేదో" అని వెళ్లిపోయాడు. ఆ మాటకు మద్దిలేటి కడుపు ఒక పూట చల్లబడింది.

ఒక్క పూటే. నెల తిరగకముందే డాక్టరు గారి కారు, మిల్లు ఆసామి కారు, ఆళ్లగడ్డ నుంచి ఇంకో రెండు టాక్సీలు ఎదురు షెడ్డు ముందు వరసకట్టాయి. "నూరు రెట్లు మేలని మద్దిలేటి మేస్త్రీయే ఒప్పుకున్యాడు గదా!" అని అందరి నోటా అదే మాట. మద్దిలేటికి మంట తగ్గలేదు, ఇంకా పెరిగింది. అయితే ఇదివరకు టీ అంగట్లో కక్కేవాడు, ఇప్పుడు కక్కడానికి నోరు లేదు. ఏమన్నా అనబోతే ఆయన మాటనే ఆయనకు అప్పజెబుతారు.

పని లేని మధ్యాహ్నం బాలమ్మ మొద్దుల మీద కూర్చుని ఎదురుగా వరసలో ఉన్న కార్లను చూసి చూసి అంది.

"అంత మాట ఎందుకనాల? ఇద్దరి పనీ సమానమే అనుంటే సరిపోయేది గదా."

మద్దిలేటి ఆ కార్ల మీది నుంచి చూపు తిప్పలేదు.

"సమానమంటే శేషయ్య బండి నిలిపేవాడు కాదే."